బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? తప్పు డిస్కుదో, బిగించిన చేతిదో తేల్చేదెలా

కొర్లపహాడ్ టోల్ ప్లాజా ఇంకా అర కిలోమీటరు ఉందనగా బ్రేక్ మీద కాలు పెట్టాను. స్టీరింగ్ చేతుల్లో గజగజ వణికింది. స్పీడు అరవైకి దిగేసరికి వణుకు తగ్గి, నలభై దగ్గర పూర్తిగా ఆగిపోయింది. పక్క సీట్లో ఉన్న మా ఆవిడ "టైరు పోయిందా ఏంటండీ?" అంది. టైరు కాదు. ఐదు నెలల కిందటే ముందు చక్రాలకు రెండు కొత్త డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), కొత్త ప్యాడ్లు (ఆ పళ్లేలను రెండు వైపులా నొక్కి ఆపేవి) వేయించాను. అప్పటి నుంచి బండి తిరిగింది ఆరు వేల కిలోమీటర్లు, అంతే. విజయవాడ చేరేదాకా టెన్షన్‌తోనే నడిపాను.

డిస్కులు వేసిన షాపుకు ఫోన్ చేస్తే జవాబు వెంటనే వచ్చింది. "డిస్కు బెండ్ అయ్యుంటుంది సార్. బయటి మాల్ కదా, అంతే. ఈసారి కంపెనీది వేయించుకోండి." ఆ డిస్కులు తెచ్చిందీ వాళ్లే, బిగించిందీ వాళ్లే. మర్నాడు పొద్దున ఆటోనగర్‌లో బ్రేకుల పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చక్రం వైపు కూడా చూడకుండా ముందు ఒక ప్రశ్న అడిగారు: "వేసిన రోజు నుంచే వణికిందా సార్, మధ్యలో మొదలైందా?"

నాలుగైదు వేల కిలోమీటర్ల దాకా ఏమీ లేదని చెప్పాను. "అయితే ముందు కొలుద్దాం, తర్వాత ఎవర్ని తిట్టాలో చూద్దాం" అన్నారు. ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో అర్థమైతే, బయట కొన్న డిస్కులతో వచ్చే గొడవల్లో చాలావాటికి చిక్కుముడి విడిపోతుంది.

డిస్కు నిజంగా వంగుతుందా?

కారు బ్రేక్ డిస్కు పోత ఇనుముతో చేస్తారు. అందులో కార్బన్ 3 శాతానికి పైగానే ఉంటుంది. ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా లోహం అంతటా పరుచుకుని ఉంటుంది. వేడిని చప్పున పంచేదీ, ప్యాడ్ రాపిడికి పుట్టే కీచుమనే శబ్దాన్ని మింగేదీ ఆ రేకులే. అయితే ఈ పోత ఇనుము మామూలు ఇనుప రేకులాగా సులభంగా వంగదు. గట్టిగా దెబ్బ తగిలితే పగుళ్లిస్తుంది, ముక్కవుతుంది. అందుకే మామూలు సిటీ, హైవే వాడకంలో "డిస్కు బెండ్ అయింది" అనే మాట చాలాసార్లు నిజం కాదు. వణుకు మాత్రం నిజం. దాని వెనక రెండు వేరువేరు లోపాలుంటాయి, రెంటికీ మనం ఒకటే పేరు పెట్టేస్తాం.

మొదటిది రనౌట్. సైకిల్ రిమ్ము బెండు తీసేటప్పుడు చూస్తాం కదా, తిరుగుతుంటే రిమ్ము ఒకసారి ఈ వైపుకు, ఒకసారి ఆ వైపుకు వచ్చిపోతుంది. డిస్కు అలా ఊగితే రనౌట్ అంటారు. దాని ఉపరితలం బాగానే ఉండవచ్చు, కూర్చోవడమే వంకరగా కూర్చుని ఉంటుంది. రెండోది మందంలో తేడా. చేత్తో ఒత్తిన రొట్టెలా డిస్కు ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉండటం.

మన చేతికీ కాలికీ ఎక్కువగా తెలిసేది రెండోదే. డిస్కు కొద్దిగా ఊగితే, ప్యాడ్లను పట్టుకుని ఉండే క్యాలిపర్ కూడా తన పిన్నుల మీద అటూఇటూ జరిగి సర్దుకుంటుంది. మందంలో తేడా ఉంటే అలా సర్దుకోవడానికి వీల్లేదు. మందమైన చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, పల్చని చోటు వచ్చినప్పుడు వదులుతుంది. బ్రేక్ ఆయిల్ ఒత్తిడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ అదురు పెడల్ ద్వారా పాదానికి, సస్పెన్షన్ ద్వారా స్టీరింగ్‌కు చేరుతుంది. ఇందుకు ఎంత తేడా కావాలో తెలిస్తే ఆశ్చర్యపోతాం. చాలా కార్లలో 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు చాలు. మన తల వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా ఉండదు.

ఇక అసలు కిటుకు. మొదటి లోపం రెండోదాన్ని పుట్టిస్తుంది. బ్రేక్ వేయనప్పుడు కూడా ప్యాడ్లు డిస్కుకు దాదాపు ఆనుకునే ఉంటాయి. డిస్కు ఊగుతుంటే ఉబ్బుగా వచ్చే చోటు చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడ్‌ను ఒకసారి రాసుకుని పోతుంది. మామూలు కారు చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.9 మీటర్లు ముందుకు వెళ్తుంది. అంటే కిలోమీటరుకు 530 చుట్లు, ఆరు వేల కిలోమీటర్లకు 30 లక్షలకు పైగా. అన్నిసార్లు ఒకే చోట రాసుకుంటే ఇనుమైనా అరుగుతుంది. అరిగిన ఆ చోటే పల్చనవుతుంది. ఊగుడుతో మొదలైన లోపం కొన్ని వేల కిలోమీటర్లకు మందం తేడాగా మారి బయటపడుతుంది.

పెద్దాయన ప్రశ్నకు అర్థం ఇదే. వేసిన రోజే వణికితే డిస్కు తయారీలోనే లోపం ఉండాలి, లేదా ఆ బండిది కాని డిస్కు వేసి ఉండాలి. ఐదారు వేల కిలోమీటర్లకు మొదలైతే డిస్కు కూర్చున్న తీరును అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ దిగాకో, హైవే మీద నాలుగైదు గట్టి బ్రేకులయ్యాకో మాత్రమే వణికితే లోహం నాణ్యతను, లేదా ప్యాడ్ పదార్థం డిస్కుకు అంటుకోవడాన్ని చూడాలి. ఇది నూటికి నూరుపాళ్లు తేల్చే పరీక్ష కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెబుతుంది. మొదట వేరే చోట వెతికితే రెండుసార్లు డబ్బు ఖర్చవుతుంది.

ఎడమ చక్రం ఒక కథ, కుడి చక్రం ఇంకో కథ

బండిని జాకీ మీద లేపి ఎడమ చక్రం తీశారు. చక్రం లేకుండా డిస్కు వదులుగా ఉంటుంది కాబట్టి, నట్ల కింద వాషర్లు వేసి డిస్కును హబ్బుకు (చక్రం, డిస్కు రెండూ కూర్చునే భాగం) బిగించారు. అయస్కాంతం స్టాండ్ మీద డయల్ గేజ్ పెట్టి, దాని మొనను డిస్కు బయటి అంచుకు సుమారు 10 మిల్లీమీటర్ల లోపల ఆనించారు. గేజ్‌లో ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. డిస్కును చేత్తో మెల్లగా తిప్పుతుంటే ముల్లు సున్నా నుంచి 14వ గీత దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. అంటే 0.14. బండికి బిగించాక చాలా కంపెనీలు ఒప్పుకునే హద్దు 0.05 దగ్గర ఉంటుంది, కొన్ని 0.10 దాకా ఇస్తాయి. మాది దేనికీ అందలేదు.

డిస్కు ఊడదీసి హబ్బు ముఖం చూపించారు. నాలుగు స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) చుట్టూ ఎర్రటి తుప్పు పొర. ఒక స్టడ్ మొదట్లో గోరుతో గీకితే రాలే తుప్పు పెచ్చు, పైన కొత్త డిస్కు నొక్కుకున్న గుర్తు. పాత డిస్కు తీసి, హబ్బును తుడవకుండానే కొత్తది తొడిగేశారన్నమాట. ఈ పెచ్చు లెక్క చూడండి. హబ్బు ముఖం 140 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం, డిస్కు 260. ఒక అంచున 0.05 మిల్లీమీటర్ల తుప్పు ఇరుక్కుంటే, ఆ వాలు డిస్కు అంచుకు చేరేసరికి 0.09 దాటుతుంది. మధ్యలో చిన్న తప్పు చివర్లో దాదాపు రెట్టింపవుతుంది.

వైరు బ్రష్‌తో, తర్వాత ఎమెరీ కాగితంతో ప్రతి స్టడ్ చుట్టూ తిప్పి తిప్పి రుద్దారు. హబ్బు ముఖం తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. డిస్కు లోపలి ముఖాన్ని కూడా తుడిచి, మళ్లీ అలాగే బిగించి తిప్పారు. ముల్లు ఐదో గీత దగ్గర ఆగింది. డిస్కు అదే, బండి అదే, తేడా అంతా తుప్పుదే. అయితే అప్పటికే జరగాల్సిన అరుగుదల జరిగిపోయింది. మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిస్తే 0.03 తేడా వచ్చింది. పాపం డిస్కుది కాదు, శిక్ష మాత్రం దానికే పడింది.

కుడి చక్రం దగ్గర నేను కూడా అదే కథ అనుకున్నాను. గేజ్ 0.09 చూపింది. హబ్బు తుడిచాక కూడా 0.09 దగ్గరే ఉంది. అప్పుడాయన చేసిన పని ఈ వ్యాసం చదివేవాళ్లంతా గుర్తుపెట్టుకోవాలి. ముల్లు ఎక్కువగా లేచిన చోట డిస్కు మీద, ఆ చోటుకు దగ్గరగా ఉన్న స్టడ్ మీద సుద్దతో గుర్తు పెట్టారు. డిస్కును తీసి, సరిగ్గా సగం చుట్టు తిప్పి మళ్లీ తొడిగారు. హబ్బు వంకరైతే ఎత్తు పాత స్టడ్ దగ్గరే ఉండిపోవాలి. డిస్కు వంకరైతే ఎత్తు డిస్కు మీది సుద్ద గుర్తుతో పాటు రావాలి. గుర్తుతో పాటే వచ్చింది. "ఇది మాత్రం మాల్ తప్పే సార్" అన్నారు.

డిస్కు అంచును నా వైపు తిప్పి చూపించారు. మధ్యలో గాలి వెళ్లే సందులున్న వెంటిలేటెడ్ డిస్కు అది. బయటి పలక, లోపలి పలక ఒకే మందంలో ఉండాలి. దీనికి బయటిది బాగా మందంగా, లోపలిది కంటికి తెలిసేంత పల్చగా ఉంది. సందుల్లో రెండుచోట్ల పోత ఇసుక గడ్డకట్టి అలాగే ఉంది.

పోతలో జరిగే తప్పులు

వెంటిలేటెడ్ డిస్కును పోసేటప్పుడు, గాలి సందుల ఆకారంలో ఇసుకతో చేసిన కోర్‌ను అచ్చు లోపల నిలబెడతారు. దాని చుట్టూ కరిగిన ఇనుము పోస్తారు. కోర్ కొద్దిగా పక్కకు జరిగినా ఒక పలక మందంగా, ఇంకొకటి పల్చగా వస్తుంది. తర్వాత లేత్ మీద బయటి ముఖాలను చెక్కేస్తారు కాబట్టి మొత్తం కొలత సరిగ్గానే ఉంటుంది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతుంది. కొనేవాడు పెట్టె తెరిచి చూసేది ఆ నిగనిగే. వేడెక్కినప్పుడు మాత్రం పల్చటి పలక ముందు కాలుతుంది, మందమైనది ఆలస్యంగా. రెండూ సమానంగా సాగవు, డిస్కు గొడుగులా ఒక వైపుకు ఒరుగుతుంది. చల్లారితే కొంతవరకు వెనక్కి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వర్క్‌షాప్‌లో ఏమీ దొరకదు, రోడ్డు మీద మళ్లీ వణుకుతుంది. ఓనరుకూ మెకానిక్‌కూ మధ్య మాటామాటా పెరిగేది ఇక్కడే.

ఇంకో తప్పు బరువు తగ్గించడం. ఇనుము కిలోల లెక్కన ఖర్చు. డిస్కు వ్యాసం, మొత్తం మందం తగ్గిస్తే బండికి పట్టదు కాబట్టి అవి మార్చరు. పలకలను పల్చన చేసి సందు వెడల్పు పెంచుతారు, లోపలి రెక్కల సంఖ్య తగ్గిస్తారు. దీని ప్రభావం ఎంతో తెలియాలంటే వేడి లెక్క చూడాలి. మనుషులతో కలిపి 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 5.8 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. రెండు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లగల వేడి అది, నాలుగైదు సెకన్లలో. ముందు బ్రేకులు 70 శాతం మోస్తాయనుకుంటే ఒక్కో ముందు డిస్కు వాటా 2 లక్షల జౌళ్లు. డిస్కు 6 కిలోలైతే ఒక్క బ్రేకుకు సుమారు 70 డిగ్రీలు వేడెక్కుతుంది. 5 కిలోలే ఉంటే దాదాపు 90. ఒకసారికి అది పెద్ద తేడా కాదు. తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు లెక్క మారిపోతుంది. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అదే కారు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి కోటి జౌళ్ల పైమాటే. వంద స్పీడు నుంచి పద్దెనిమిదిసార్లు పూర్తిగా ఆగినంత. రెండో గేరులో ఇంజిన్ మీద వదిలితే అందులో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్‌లో వేసి బ్రేక్ మీద దిగితే మొత్తం ఆ ఇనుము మీదే పడుతుంది. కిలో ఇనుము మిగుల్చుకున్న డిస్కు అక్కడ దొరికిపోతుంది.

డిస్కు మరీ వేడెక్కి, కొన్ని చోట్ల 700 డిగ్రీల దాకా వెళ్తే లోహంలోనే మార్పు వస్తుంది. ఆ చోట్ల సిమెంటైట్ అనే చాలా గట్టి పదార్థం ఏర్పడుతుంది. చుట్టుపక్కల ఇనుము అరుగుతుంది, ఆ మచ్చలు అరగవు. నీలిరంగు తిరిగిన మచ్చలు కనిపిస్తే అదే అనుమానించాలి. లేత్ పట్టిస్తే నెల రోజులు బాగుంటుంది. మచ్చలు లోపలి దాకా ఉంటాయి కాబట్టి వణుకు మళ్లీ వస్తుంది. అలాంటి డిస్కుకు లేత్ ఖర్చు దండగ.

లేత్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చవకగా చెక్కిన డిస్కుల మీద పాత గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు మురి గీత కనిపిస్తుంది. గోరు పెట్టి లాగితే గీతలు తగులుతాయి. లేత్ పనిముట్టును తొందరగా నడిపిస్తే వచ్చే గీత అది. ప్యాడ్ ఆ మురి వెంట బయటికి జరుగుతూ, ఒక్కసారిగా వెనక్కి వచ్చి టక్‌టక్‌మంటుంది. కొత్త బ్రేకులు వేసిన మొదటి రోజుల్లో నెమ్మదిగా ఆగేటప్పుడు వినిపించే ఆ శబ్దానికి క్యాలిపర్ విప్పి వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు. రంధ్రాలు పొడిచిన డిస్కుల గురించి కూడా చెప్పాలి. చూడటానికి రేసు కారులా ఉంటాయి. మామూలు కారుకు వాటితో లాభం తక్కువ, రంధ్రం అంచుల నుంచి పగుళ్లు మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. డబ్బులు పెట్టి కొనమని ఎవరికీ చెప్పను.

పెట్టె మీద బండి పేరు ఉంటే సరిపోదు

నాణ్యత బాగున్న డిస్కు కూడా మన బండికి కుదరకపోవచ్చు. ఒకే మోడల్ పేరు మీద కంపెనీలు రకరకాల బ్రేకులు వేస్తాయి. పెట్రోల్‌కు ఒకటి, బరువైన డీజిల్‌కు ఒకటి, పవర్ ఎక్కువున్న వేరియంట్‌కు ఇంకొకటి. స్కోడా ఆక్టేవియా రెండో తరంలో 280, 288, 312 మిల్లీమీటర్ల ముందు డిస్కులు ఉన్నాయి. బయట షాపులో "ఆక్టేవియా ఫ్రంట్" అని అడిగితే ఏది వస్తుందో దైవాధీనం. స్కోడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకు ఏ బ్రేక్ వేశారో చెప్పే పీఆర్ కోడ్ ఉంటుంది. బూట్‌లోనో సర్వీసు పుస్తకంలోనో అతికించిన స్టిక్కర్‌లో దాన్ని చూడొచ్చు. మిగతా కార్లకు ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించుకోవడమే దారి. మోడల్ పేరు, తయారైన సంవత్సరం చెప్పి డిస్కు కొనడం చెప్పుల సైజు చెప్పకుండా చెప్పులు తెప్పించుకోవడం లాంటిది.

డిస్కు వ్యాసం తప్పైతే బిగించేటప్పుడే తెలిసిపోతుంది, అది మంచిదే. అసలు ప్రమాదం దగ్గరగా ఉండి కుదరని కొలతలది. డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే డిస్కు క్యాలిపర్ మధ్యలో కాకుండా పక్కకు జరిగి తిరుగుతుంది. చక్రం ఎక్కుతుంది, బండి నడుస్తుంది, ఒక ప్యాడ్ మాత్రం వంకరగా అరుగుతుంది. మధ్య రంధ్రం హబ్బుకు కచ్చితంగా కుదరాలి. వదులైతే డిస్కు కేంద్రం తప్పి తిరుగుతుంది. బిగువైతే కొందరు సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, ఆ దెబ్బకు బేరింగ్ పోతుంది.

అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైనది ఒకటుంది. హబ్బు ముఖం మధ్య మెడను కలిసే చోట చిన్న గుండ్రటి మూల ఉంటుంది. ఆ మూలకు చోటివ్వడానికి డిస్కు మధ్య రంధ్రం అంచును ఏటవాలుగా చెక్కాలి. చవక డిస్కుల్లో ఈ చెక్కుడు చాలకపోతే డిస్కు హబ్బు ముఖం మీద కాకుండా ఆ గుండ్రటి మూల మీద ఆనుతుంది. నట్లు బిగిస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఎన్నిసార్లు హబ్బు తుడిచినా రనౌట్ తగ్గదు. డిస్కు లోపలి ముఖం మీద నొక్కుడు గుర్తు రంధ్రం చుట్టూ సన్నని ఉంగరంలా మాత్రమే పడితే ఇదే జరిగిందని అనుమానించాలి. కొన్ని బ్రాండ్లు తుప్పు పట్టకుండా డిస్కు మొత్తానికీ రంగు కొడతాయి. మంచి పూత పల్చగా, సమానంగా ఉంటుంది. బ్రష్‌తో మందంగా కొట్టిన పెయింటు హబ్బు ముఖం మీద గడ్డలా నిలిచి తుప్పు చేసే పనే చేస్తుంది.

వెనక చక్రాలకు డిస్కులున్న కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ కోసం ఆ టోపీ లోపలే చిన్న డ్రమ్ము ఉంటుంది. అక్కడ లోపలి వ్యాసం కూడా సరిపోవాలి. ముందు డిస్కులంత తేలిగ్గా వాటిని బయట కొనకండి.

కంపెనీది, బయటిది, నకిలీ

"బయటి మాల్" అనే ఒక్క మాటలో మనం మూడు రకాలను కలిపేస్తాం. కారు కంపెనీలు చాలావరకు డిస్కులు సొంతంగా పోయవు, సప్లయర్ల దగ్గర కొంటాయి. ఆ సప్లయర్లలో కొందరు తమ సొంత పేరుతో కూడా బయట అమ్ముతారు. కారు కంపెనీ పెట్టెలో ఉన్నంత మంచి సరుకే తక్కువ ధరకు దొరికే చోటు అది. రెండో రకం, అచ్చంగా రీప్లేస్‌మెంట్ మార్కెట్ కోసమే చేసేవాళ్లు. వీళ్లలో అద్భుతంగా చేసేవాళ్లూ ఉన్నారు, పైన చెప్పిన కుడి డిస్కు లాంటివి చేసేవాళ్లూ ఉన్నారు. మూడో రకం నకిలీ. పేరున్న కంపెనీ పెట్టెలో ఏదో ఒక డిస్కు. పాత పెట్టెలు బాగున్నాయని చెత్తలో అలాగే పడేయకండి, చింపి పడేయండి. అవే మళ్లీ సరుకుతో తిరిగొస్తాయి.

యూరప్‌లో ఈ గందరగోళానికి కొంత అడ్డుకట్ట వేశారు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం నియమం 90 ప్రకారం ప్యాడ్లకు ముందు నుంచే ఆమోదం తప్పనిసరి. 2016 నవంబరు నుంచి ఆమోదం పొందిన కొత్త మోడల్ కార్లకు బయట అమ్మే డిస్కులు కూడా పరీక్షలు దాటాలి. కొలతలు, లోహం, వేడికి పగుళ్లివ్వకుండా ఎంతసేపు నిలుస్తుంది, అసలు డిస్కుతో పోలిస్తే ఎలా ఆపుతుంది అన్నీ చూస్తారు. పాసైన డిస్కు మీద వృత్తంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, దేశం అంకె, ఆ పక్కన '90R'తో మొదలయ్యే నంబరు ఉంటాయి. మన మార్కెట్లో కొనేటప్పుడు కూడా ఆ గుర్తు కనిపిస్తే నేను దానికే మొగ్గుతాను. గుర్తు పెట్టె మీద ఉంటే చాలదు, డిస్కు లోహం మీద కూడా ఉండాలి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది వారాంతంలో తామే బ్రేకులు మార్చుకుంటారు. అక్కడ కొత్త కారు బ్రేకులకు సమాఖ్య ప్రమాణాలున్నాయి, బయట అమ్మే డిస్కులకు అలాంటి తప్పనిసరి ప్రమాణం లేదు. షాపు షెల్ఫులో ఉందంటే ఎవరో పరీక్షించారని అనుకోవద్దు. మంచు పడే రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి హబ్బు తుప్పు మన దగ్గరికంటే చాలా ఎక్కువ. అక్కడ వైరు బ్రష్ పని అరగంట పట్టినా చేయాలి.

బిగించే గంటలో జరిగేవి

మా బండికి మళ్లీ రెండు డిస్కులూ కొత్తవి కొన్నాను. ఒకటే మారిస్తే రెండు వైపులా బ్రేక్ పట్టు తేడా వస్తుంది కాబట్టి జతగానే మార్చాలి. ఈసారి పెట్టెలు కౌంటర్ మీదే విప్పించాను. పెద్దాయన చెప్పినట్టు అంచు చూసి రెండు పలకల మందం పోల్చాను, సందుల్లో ఇసుక లేదని వేలు పెట్టి చూశాను, మురి గీతల కోసం గోరు లాగాను. కనీస మందం అంకె డిస్కు మీదే పోతలో ఉందో లేదో చూశాను. కొత్తగా 22 మిల్లీమీటర్లు ఉండే డిస్కుకు 20 దగ్గర ఆ హద్దు ఉండటం మామూలు. అది దాటాక లేత్ పట్టించకూడదు. తర్వాత రెంటినీ తూకం వేయించాను. షాపతను మొదట ఆశ్చర్యపోయాడు గానీ కాదనలేదు. ఒకే పార్ట్ నంబరు మీద రెండు పెట్టెల మధ్య పావుకిలో తేడా వచ్చింది. తేలికది వెనక్కిచ్చి ఇంకో పెట్టె తీయించాను.

డిస్కు మీద తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో, అది లేకపోతే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కడగకపోతే ఆ నూనె ప్యాడ్‌లోకి ఇంకుతుంది. పాత ప్యాడ్లు పాత డిస్కు గాడులకు అలవాటుపడి ఉంటాయి, కొత్త డిస్కుకు వాటిని వేయొద్దు. క్యాలిపర్ పిన్నులు చేత్తో జరుగుతున్నాయో లేదో చూసి గ్రీజు మార్చాలి. పిన్ను పట్టేస్తే ప్యాడ్ డిస్కును వదలదు. అప్పుడు ఎంత మంచి డిస్కైనా కాలిపోతుంది, నింద మళ్లీ డిస్కు మీదే పడుతుంది.

నట్ల బిగింపు దగ్గర చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. గాలి గన్నుతో ఒక నట్టు పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్తే హబ్బు మీద ఒత్తిడి ఒకే వైపు పడుతుంది, టోపీ భాగం కొద్దిగా వంకరపోతుంది. ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించి, చివరికి టార్క్ పానాతో (బిగింపు బలాన్ని కొలిచే పానా) బండి పుస్తకంలో ఇచ్చిన అంకెకు తేవాలి. పంక్చర్ షాపులో పానా మీద కాలేసి తొక్కి బిగిస్తారు చూశారా, అక్కడి నుంచి కూడా వణుకు మొదలవ్వొచ్చు. టైర్లు మార్పించినప్పుడు నేను ఇప్పుడు పక్కనే నిలబడుతున్నాను.

కొత్త ప్యాడ్ల పదార్థం డిస్కు మీద పల్చటి సమానమైన పొరగా పరుచుకోవాలి. అందుకోసం ఖాళీ రోడ్డు మీద 60 స్పీడు నుంచి 10 దాకా ఎనిమిది, పదిసార్లు ఓ మోస్తరుగా బ్రేక్ వేసి, ప్రతిసారీ మధ్యలో కొంచెం దూరం నడపాలి. పూర్తిగా ఆగకూడదు. వేడి మీద ఉన్న డిస్కును ప్యాడ్లు బిగించి పట్టుకుని నిలబడితే ఆ చోట ప్యాడ్ ముద్ర అంటుకుంటుంది. ఘాట్ దిగిన వెంటనే సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కిపట్టి ఉండటం కూడా ఇదే చేస్తుంది. "బెండ్ అయిన" డిస్కుల్లో కొన్ని నిజానికి ఈ ముద్రలే. తొలి దశలో దొరికితే ఇంకోసారి ఇలాగే బ్రేకులు వేసి ఆ ముద్రలను వదిలించుకోవచ్చు.

మొదటి షాపుకు రెండు పాత డిస్కులూ, కొలతల కాగితమూ పట్టుకెళ్లాను. ఎడమది బిగింపు తప్పు, కుడిది సరుకు తప్పు, రెండూ మీ బిల్లు మీదే ఉన్నాయని చూపించాను. సుద్ద గుర్తుల ఫోటోలు చూశాక డబ్బులో సగం వెనక్కిచ్చారు. ఇవ్వకపోయుంటే 1915 నంబరుకు ఫోన్ చేద్దామనుకున్నాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువుకు తయారీదారుతో పాటు అమ్మినవాళ్లను, సర్వీసు చేసినవాళ్లను కూడా బాధ్యులను చేసే వీలుంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. చేతిలో బిల్లు లేకపోతే మాత్రం నిరూపించడం కష్టం. పార్ట్ నంబరు రాసిన బిల్లే అడగండి, "డిస్క్ సెట్ 1" అని రాసిచ్చేది చాలదు.

కొత్త డిస్కులు బిగించాక పెద్దాయన మళ్లీ గేజ్ పెట్టి చూశారు. ఎడమ 0.03, కుడి 0.04. రెండు అంకెలూ బిల్లు వెనక బాల్‌పెన్నుతో రాయించి, తేదీ, కిలోమీటర్ల రీడింగు వేయించుకున్నాను. ఐదు వేల కిలోమీటర్లకు మళ్లీ కొలిపించాను. ఎడమ 0.03, కుడి 0.04, మందం చుట్టూ ఒకటే.